ఏడు వరుసల ముగ్గు

చిత్తూరులో మేము అద్దెకున్న ఇంటి వాకిలి బారుగా, ఇరుగ్గా ఉండేది. గుండ్రటి ముగ్గుకు చోటు చాలదు. అందుకని అమ్మ రోజూ ఏడు వరుసలు, వరుసకు తొమ్మిది చుక్కలు పెట్టేది. చుక్కలు పెట్టేది అమ్మ, గీసేది అక్క. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. చుక్కల మధ్య మెలికలు తిప్పుకుంటూ పోయి, ఎక్కడా చెయ్యెత్తకుండా మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆపేది. ఒకటే గీత. మెలికల ముగ్గు రెండు గీతలైతే ఇంట్లో ఒకరి మాట ఒకరికి పడదని అమ్మ నమ్మకం. "అంతా ఆ పిల్ల సేతిలో ఉండాది" అని వీధిలో అందరికీ చెప్పేది. నేను గీస్తే కోడి కెలికినట్టు ఉండేది. ఆ పొగడ్త వింటే నాకు ఒళ్లు మండేది.

తొంభైల చివర తిరుపతిలో డిగ్రీ లెక్కలు చదివేటప్పుడు, హాస్టల్లో పనిలేక నోటుబుక్కు వెనక పేజీల్లో చుక్కలు పెట్టి గీసి చూశాను. నాలుగు వరుసలకు ఆరేసి చుక్కలు పెడితే రెండు గీతలు వచ్చాయి. ఐదు వరుసలకు పదేసి పెడితే ఐదు. రెండు సంఖ్యలనూ భాగించే వాటిలో పెద్దది ఎంతో, అన్ని గీతలు. ఏడు ప్రధాన సంఖ్య, తొమ్మిదిని భాగించదు. రెంటికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి ఎవరు గీసినా ఒకటే గీత. శనివారం బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా అక్కకు చెప్పాను, నీ చేతిలో ఏమీ లేదు, అంతా అమ్మ పెట్టే ఏడులో ఉందని.

"నీకు గీసేది రాదు, ఆడలేక మద్దెల ఓడంటాండావు" అంది అక్క.

మరుసటి పొద్దున పిండి గిన్నె నా చేతికే ఇచ్చింది. వంకరగా వచ్చింది గానీ ఒకటే గీత వచ్చింది. అక్క నవ్వి, "సరేలే, అమ్మకు సెప్పబాక. నాకుండే పేరు అదొక్కటే" అంది. నేను చెప్పలేదు.

ఆ ఏడాది వానల్లో అక్కకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు ఆసుపత్రిలో పోయింది. నేను వచ్చేసరికి వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. వాటిని లెక్కపెట్టినట్టు గుర్తు. ఏడుపు రాలేదు. పదకొండు రోజులు ముగ్గు లేదు. తర్వాత వేయొచ్చని పెద్దవాళ్లు అన్నారు, కానీ అమ్మ నీళ్లు చల్లి లోపలికి వచ్చేసేది. వేళకు అన్నం తినేవాళ్లం. అమ్మ మళ్లీ ఆ గిన్నె ముట్టుకుంటే చాలు, నాకు ఇంకేమీ వద్దు అనిపించేది.

రెండు నెలలకు ఒక ఆదివారం అమ్మ గిన్నె తెచ్చి చుక్కలు పెట్టింది. "నువ్వు గీయి" అంది. చూస్తే వరుసలు ఆరే ఉన్నాయి. వరుసకు తొమ్మిది. ఇన్నేళ్లలో ఆమె ఒక వరుస మరవడం అదే మొదలు. ఆరునూ తొమ్మిదినీ మూడు భాగిస్తుంది. మూడు గీతలొస్తాయని కూర్చోకముందే తెలుసు. తప్పని చెప్తే గిన్నె తీసుకుని లోపలికి పోతుందేమోనని భయపడ్డాను. గీశాను.

మొదటి గీత మూసుకుంది. ఇంకా చాలా ముగ్గు మిగిలింది. చెయ్యెత్తి రెండోది మొదలుపెట్టాను. అదీ మూసుకుంది. మళ్లీ ఎత్తాను.

"మూడు గీతలైనాయి" అంది అమ్మ.

"అవును మా."

ఆమె వంగి మూడు గీతల్నీ వేలితో చూపించింది. "మీ అక్క గీసుంటే ఒకటే వచ్చుండును."

అక్క గీసినా మూడే వచ్చేవి. ఆ సంగతి నేను కాక తెలిసిన మనిషి అక్క ఒక్కతే. "అవును మా, అక్క సేతిలో ఉండాది" అన్నాను.

మరుసటి పొద్దున నేను బస్సుకు బయలుదేరే ముందు అమ్మ మళ్లీ చుక్కలు పెట్టింది. ఈసారి ఏడు వరుసలూ సరిగ్గా ఉన్నాయి, నేను గీసినా ఒకటే గీత వస్తుంది. నేను సగంలో ఒక మెలిక కావాలనే తప్పించి రెండు గీతలు చేశాను.

"సెప్తి గదా" అంది అమ్మ, రెండు నెలల్లో మొదటిసారి కొంచెం గట్టిగా.