పిల్లికి దిగడం నేర్పిన మామగారు

మత్తిగిరిలో మా ఇంటి ముందు ఒక నేరేడు చెట్టుంది. ఒక ఆదివారం పొద్దున మా పిల్లి కాకిని తరుముతూ దాని మీదికి ఎక్కేసింది. ఏడు నెలల పిల్ల. ఎక్కినంతసేపూ బాగానే ఎక్కింది. కొమ్మ చీలిన చోట కూర్చుని కిందికి చూశాక అరుపులు మొదలుపెట్టింది.

మా ఆయన షిఫ్టుకి వెళ్ళాడు. ఇంట్లో నేనూ, మా మామగారూ. ఆయన అత్తిముగంలో ఏళ్ళ తరబడి చింతచెట్లెక్కి కాయ దులిపిన మనిషి. మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక మా దగ్గరికి వచ్చేశారు. చెట్టెక్కే మాటెత్తితే కొడుకు ఊరుకునేవాడు కాదు.

చేప ముక్క చూపించి పిలిచాను. పిల్లి తల కిందికి పెట్టి రెండడుగులు వేసింది. వెనక కాళ్ళు జారాయి. భయపడి మళ్ళీ పైకి పాకింది. అంతలో దాని పక్కనుంచే ఒక ఉడుత తలకిందులుగా జరజరా దిగి, గోడ దాటిపోయింది.

"అది దిగింది కదా, దీనికేమి మామా?" అన్నాను.

"ఉడతకి ఎనక పాదం తిరుగుతాదమ్మా. తలకిందులైనా గోర్లు బెరడుకి తగులుకుంటాయి. పిల్లికి అట్ల తిరగదు. తోక కిందికి పెట్టి ఎనక్కి దిగల్ల. ఎలుగుబంటి కూడా అట్లనే."

"ఎలుగుబంటిని చూసినారా?"

"తేనె కోసం ఎక్కినదాన్ని చూసినాను. అది దిగి పోయిందాకా నేను ఇంగో చెట్టు మీదే ఉంటిని." నవ్వారు. "అడివిలో పెద్ద కండ్ల దేవాంగపిల్లి ఉంటాది చూడు, పేరుకే పిల్లి, అది తల కిందికి పెట్టే దిగుతాది. ఒగో కాలు తీసి పెడతా, నిదానంగా. దానికి తొందరే లేదు." ఆ మాటతోనే లేచారు. "నిచ్చెన యాడుంది?"

వద్దని నేనే ఎక్కాను. చెయ్యి చాపగానే పిల్లి గీరింది. దిగిపోయాను. ఇక ఆయన ఆగలేదు.

"నువ్వు గట్టిగా పట్టుకో, చాలు."

నాలుగు మెట్లెక్కారు. పిల్లితో ఏదో గొణుగుతూ, మెడ పట్టి మెల్లగా తిప్పి, ముందు కాళ్ళు బెరడుకి ఆనించారు. దాని పిరుదుల కింద అరచెయ్యి పెట్టారు. "ఇట్ల. ఇట్ల దిగమ్మా." పిల్లి గోళ్ళతో బెరడు గీరుకుంటూ జానెడు జారింది. ఆయన ఒక మెట్టు దిగారు. అది ఇంకో జానెడు జారింది. చివర్లో ఎగిరి దూకి స్కూటర్ కిందికి దూరింది.

మామగారు కుర్చీలో కూలబడి చాలాసేపు ఆయాసపడ్డారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. మధ్యాహ్నం ఇంకో రాగిముద్ద అడిగి వేయించుకున్నారు.

సాయంత్రం కొడుకు వచ్చీ రాగానే తనే చెప్పేశారు. మా ఆయన కోపంగా, "ఎన్ని మెట్లెక్కినావు నాయనా?" అన్నాడు.

"రెండు," అన్నాను నేను. "నాలుగు," అన్నారు ఆయన, అదే క్షణంలో.

రెండు వారాల తర్వాత ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. మామగారు ఎప్పుడూ పనివేళ చెయ్యరు. వెంటనే ఎత్తాను.

"అమ్మా, అది మళ్ళా ఎక్కిందమ్మా! ఎనక్కే దిగింది! ఎవురూ పట్టుకోలేదు!"

వరండాలోకి వెళ్ళి, మొదట్నుంచీ చెప్పమన్నాను.