గాలి మేస్త్రి

యుద్ధంలో రంగూన్ పడిపోయిన ఏడు, మా మేనమామ అడవుల వెంట నడిచి నడిచి పుత్తూరు దగ్గరున్న మా ఇంటికి చేరాడు. అక్కడి బియ్యం మిల్లులో పదేళ్లు పెద్ద ఫిట్టరుగా చేసిన మనిషి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక్క స్పానరు తప్ప ఏమీ లేదు. దాన్ని చూసి ఊళ్లోవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటికి మా చెరకు తోట ఎండుతోంది. బావిలో నీళ్లున్నాయి, గట్టున కిరోసిన్ ఇంజన్ ఉంది. కిరోసినే కంట్రోలులో పడి దొరకడం లేదు. కపిల తోలి బావి నీళ్లు తోడే ఎద్దులను ఇంజన్ వచ్చిందన్న సంబరంలో నాయన ఎప్పుడో అమ్మేశాడు. ఇంకో వారం తడి లేకపోతే తోటంతా పొయ్యిలోకే.

"బొగ్గు గాలితో ఆడిస్తా బావా," అన్నాడు మామ.

"గాలితో ఇంజన్ ఆడేదేందప్పా! గాలి మాటలు సెప్పొద్దు," అన్నాడు నాయన.

ఆ పూటకే ఊరు మామకు గాలి మేస్త్రి అని పేరు పెట్టేసింది.

మామ పట్టించుకోలేదు. పాత పీపా ఒకటి తెచ్చి, లోపల మట్టి మెత్తి, బొగ్గులు నింపి నిప్పు పెట్టాడు. అందులోంచి వచ్చే మండే గాలిని గొట్టంతో ఇంజన్‌కు తగిలించాడు. ఇంజన్ తిరిగింది! నాయన తలగుడ్డ తీసి ఎగరేశాడు. కాలువ సగం తడవకముందే అది దగ్గి ఆగిపోయింది. బొగ్గు నుసి లోపలికి పోయింది. రంగూన్‌లో నుసి పట్టడానికి పెద్ద యంత్రమే ఉండేదట. ఇక్కడ గోనెపట్ట అడ్డం పెడితే గాలి ఆడదు, తీస్తే నుసి ఆగదు. మూడు రోజులు ఇదే పాట.

నాలుగో రోజు అంట్లు తోముతుంటే చేతిలోని బీరపీచు చూశాను. నీళ్లు దిగిపోతున్నాయి, మసి మాత్రం పీచులోనే ఉంది. తడి చేతులతోనే బావి దగ్గరికి పరిగెత్తాను.

"మామా, ఇది పెట్టి సూడు!"

మామ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "పదేండ్లు మిల్లులో ఉన్నా, నాకు తట్టలేదే పాపా!" అని నవ్వి, ఒక డబ్బా నిండా తడిపిన బీరపీచులు కుక్కి గొట్టానికి అమర్చాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా ఇంజన్ ఆగలేదు. చెరకు మొదళ్లకు నీళ్లు చేరుతుంటే నేను ఏడ్చేశాను. గర్వంతోనే ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

ఆ తరువాత చంద్రగిరి నుంచి కూడా మనుషులు వచ్చారు. మామ ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. అందరూ ఆయన్ని గాలి మేస్త్రి అనే పిలిచేవాళ్లు, ఇప్పుడు చేతులు కట్టుకుని.

రెండేళ్లకు మామతో తిరుపతికి పోతుంటే, బొగ్గు గాలితోనే నడిచే బస్సు దారిలో ఆగింది. డ్రైవరు వెనక డబ్బా విప్పి బీరపీచు బయటికి లాగాడు. ఇదేమిటని ఏమీ తెలియనట్టు అడిగాను.

"నీకు అర్థం కాదులేమ్మా. రంగూన్లో ఎవరో దొరసాని కనిపెట్టిందంట."

మామ నావైపు తిరిగి, "విన్నావా, దొరసానీ?" అన్నాడు.

తిరుపతి చేరేదాకా నేను దొరసానిలాగే కూర్చున్నాను.