చెరపమన్న కువి కథ

ఈరోజు మన్యంలో ముంచింగిపుట్టు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలకి వెళ్లాను. టీచరమ్మ బడి కంప్యూటర్లో ఉచితంగా దొరికే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, పిల్లలచేత వాళ్ల ఇంటి భాష కువిలోనే కథలు చెప్పిస్తోంది. క్లాసులో ఎప్పుడూ పలకని ఒక పాప, స్పీకర్లో తన గొంతు విని నవ్వేసి ఇంకో కథ మొదలెట్టింది.

తనిఖీకొచ్చిన అధికారికి చిరాకేసింది. "ఇది తెలుగు పీరియడ్ కదమ్మా? అదంతా చెరిపెయ్యండి."

"తెలుగు రేపయినా వస్తాది సార్. ఈ గుంట ఇయాలే నోరిప్పింది."

నేను గొడవకి లేచాను. ఈలోగా పాప, ఇక ఆయన వంతన్నట్టు మైకు తెచ్చి ముందు పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని వెళ్లిపోయాడు. ఆ సవరింపుతో సహా కథ సేవ్ అయింది.

బడిలో కువి వినబడితే తెలుగుకొచ్చే నష్టమేంటో ఎవరైనా చెప్పండి. వాదనకి నేను ఖాళీయే.