పేక కనబడిన రోజు

మా నాయన శుక్లం తీయించుకున్న ఏడు, యుద్ధం మూలంగా నూలు దొరకడమే గగనంగా ఉండేది. కమలాపురం దగ్గర మా ఊళ్లో నూలున్నప్పుడు నేయలేని మగ్గానికి మళ్లీ నూలిచ్చే దిక్కు లేదు. ఆ భయంతోనే ఆయన మిషన్ ఆసుపత్రికి కదిలాడు గాని, మా మాట విని కాదు.

కట్టు విప్పాక లావుపాటి గుండ్రటి అద్దాలిచ్చారు. ఇంటికొచ్చి మగ్గం గుంటలో కూర్చుంటే నిలువు పడుగు పోగు పోగుగా కనబడుతోంది, అడ్డంగా పడే పేక మాత్రం అలుక్కుపోతోంది. నేసిన మూరెడు బట్టా ఒకచోట పలచన, ఒకచోట చిక్కన. నాకు ఒళ్లు మండింది. ఆయన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రి డాక్టరమ్మతో తేల్చుకుందామని పోయాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. పైరెప్ప కప్పి కాపాడుతుందని నల్లగుడ్డు పై అంచున కోస్తారట. ఆ కోత మానేటప్పుడు కన్ను అటువైపు కాస్త సాగి గుండ్రదనం తప్పుతుందట. అందుకే ఒక దిక్కు గీతలు తేటగా, ఇంకో దిక్కువి మసకగా కనబడతాయట. కుట్టు దగ్గర బట్ట వంకరపోయినట్టా అన్నాడు నాయన. ఆమె నవ్వి, ఆ వంకరను సరిచేసే అద్దం మద్రాసు నుంచి తెప్పించింది. గీతల కాగితం చూపిస్తూ దాన్ని ఫ్రేములో తిప్పి తిప్పి బిగించింది. రెండో కన్నుకు జొన్నకోతలయ్యాక రమ్మంది.

కొన్నాళ్లు బాగానే నేశాడు. ఒకరోజు పడుగుకు గంజి పెడుతుంటే అద్దం మీద చుక్కలు పడ్డాయని, ఈ పెద్దమనిషి దాన్ని ఊడదీసి కడిగి మళ్లీ బిగించాడు. గుండ్రటిది కదా, ఎటు పెట్టినా ఇమిడింది. ఆ తర్వాత పేక సరే, పడుగూ మసకే. కన్ను పోయిందని, రెండోదాన్ని ఎవరినీ ముట్టనీయనని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేయని మా నాయనను నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అద్దం కడిగిన సంగతి అమ్మ చెప్పాక, డాక్టరమ్మ తిప్పడం గుర్తొచ్చింది. బతిమాలి ఆయన్ను మగ్గం ముందు కూర్చోబెట్టి, ఫ్రేము మర వదులు చేసి, గోటితో అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పాను. గొణుగుతున్నవాడల్లా ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆడనే ఉండనీ. పేక కనపడతాండాది.”

అద్దం కదలకుండా మర బిగించాను. నాయన నావైపు చూడనైనా చూడకుండా పేక దూర్చే నాడె అందుకున్నాడు. నాలుగు పోగులు వేశాక అన్నాడు.

“జొన్నకోతలు ఎప్పటికైతాయో ఎదురింటాయన్ను అడిగి రాపో.”