సీసా యాడుందమ్మా?

మా చిన్నమ్మ ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే "సీసా యాడుందమ్మా?" అని అడిగేది. చిన్నాయనకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం వచ్చి కర్నూలు నుంచి తార్నాక చేరాక, ఆమె వేపబొగ్గు, ఉప్పు, లవంగాలు నూరి సొంత పేరు పెట్టి పళ్లపొడిని గాజుసీసాల్లో అమ్మేది. పొడి అయిపోతే సీసా తిరిగివ్వాలి, అందులోనే మళ్లీ నింపి ఇచ్చేది. నల్లకుంట దుకాణాలవాళ్లు పొట్లాలు కట్టిమ్మంటే, "పారేసేదాంట్లో నేను పొయ్యను" అనేది. ఊరంతా కంపెనీ పొడి వైపు తిరుగుతున్నా మాట మార్చలేదు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు క్యాంపస్‌లో ఒక లెక్చరరుగారింటికి నన్నూ తీసుకెళ్లింది. చిన్నమ్మ తన చేత్తో అతికించిన చీటీతో సహా సీసా గూట్లోనే కనిపించింది. దాని నిండా తెల్లటి కంపెనీ పొడి.

"ఏమనుకోకు అక్కా," అన్నది ఆ ఇంటావిడ. "కంపెనీది అట్టపెట్టెల వస్తది, చెమ్మకు గడ్డ కడ్తది. నీ సీసా మస్తు మంచిగున్నది."

"ఇకనైనా పొట్లాలు కట్టు చిన్నమ్మా" అని పళ్లు కొరికాను.

చిన్నమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. నేలకేసి కొడుతుందేమో అనుకున్నాను. వదులుగా ఉన్న మూతను బిగించి మళ్లీ గూట్లో పెట్టింది.

"మూత గట్టిగా పెట్టమ్మా, లేకుంటే దీంట్లోనూ గడ్డ కడుతుంది. అయిపోతూనే చెప్పు, నేనొచ్చి నింపి పోతా."