లారీ తనంతట తనే తొక్కిన నిమ్మకాయలు

మొన్న శనివారం మేం క్యాంపింగ్‌కి వెళ్ళొచ్చాం. నవ్వకండి! నిజంగానే వెళ్ళాం. కట్టుకెళ్ళిన పులిహోర తిన్నాం, ట్రైలర్లోనే పడుకున్నాం. ఎంత దూరం వెళ్ళారని మాత్రం ఇప్పుడే అడక్కండి. టీ తాగుతూ వినండి, మీకే తెలుస్తుంది.

నా లారీ సంగతి తెలియని తెలుగువాడు అమెరికాలో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో లేడు. ఏళ్ళ తరబడి బీరు పెట్టెలు మోసి రిటైరైన హెవీ డ్యూటీ ట్రక్కు అది. చలికాలమంతా దాని కింద దూరి, వెనకున్న డబ్బా ఊడదీశాను, ముందు అదనంగా సీట్లు వేశాను, ట్రైలర్ తగిలించే హిచ్ వెల్డింగ్ చేయించాను. చక్రాల మీద ఇల్లులాంటి ముప్పై అడుగుల క్యాంపర్ ట్రైలర్‌ని లాగాలంటే మామూలు కారు చాలదు కదా! హ్యాండ్ బ్రేక్ మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. స్వయంగా నేనే బిగించాను. ఆఫీసులో నేను పొద్దస్తమానం చేసేది బ్రేకుల డిజైనే. నా బండికి ఇంకొకడు బ్రేకు బిగించడమా!

లారీ, ట్రైలర్ కలిసి మా ఇంటిముందు డ్రైవ్‌వే మొత్తం కబ్జా చేశాయి. నా కారూ, పాపం మా ఆవిడ సరళ కారూ వీధిలోనే. రోజూ మంచు తవ్వి, అద్దాలు గీకి, హాస్పిటల్ డ్యూటీకి లేటుగా వెళ్ళి వెళ్ళి ఆమెకి విసుగొచ్చేసింది.

“ఈ శనివారం ఈ రైలు మన డ్రైవ్‌వే దాటాలి. దాటలేదా, సోమవారం పేపర్లో యాడ్ ఇచ్చేస్తా. మొదట ఎవరొస్తే వాళ్ళదే.”

“దాటుతుంది చూడు! శనివారం రాత్రి మనం అందులోనే పడుకుంటాం. ఇది ఫైనల్!” అన్నాను. పడ్డ కష్టమంతా ఎవడికో అప్పజెప్పే ప్రసక్తే లేదు.

సరే, శనివారం వచ్చింది. లారీ అన్నాక పూజ లేకుండా ఎలా కదుల్తుందండీ? మా బాబాయికి విజయవాడలో లారీలుండేవి. నిమ్మకాయలు తొక్కించందే ఒక్కటీ షెడ్డు దాటేది కాదు. అందుకని స్నానం చేసి, పంచె కట్టుకుని, చక్రాలన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టాను. మా డ్రైవ్‌వే వీధివైపు వాలుగా ఉంటుంది కాబట్టి, బండి దొర్లకుండా చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి ఉంచాను. దిమ్మ ఉన్నచోట నిమ్మకాయ ఎలా పడుతుంది? ఒక్కో దిమ్మా తీసేసి, ఒక్కో నిమ్మకాయ పెట్టుకుంటూ వచ్చాను.

“ఏమండీ, ఆ చెక్కలన్నీ తీసేస్తున్నారు, పరవాలేదా?” అంది సరళ.

“హ్యాండ్ బ్రేక్ వేసుంది. అది బిగించిందెవరనుకున్నావ్?”

పక్కకొచ్చి కొబ్బరికాయ కొట్టాను. సరళ హారతిచ్చింది. నేను భక్తిగా కళ్ళు మూసుకుని హారతి అద్దుకుంటున్నాను. టప్ అని వినిపించింది. మళ్ళీ టప్, టప్!

“ఏమండీ! మీరు ఎక్కకుండానే కదుల్తోందేంటండీ!”

కళ్ళు తెరిచేసరికి లారీ వెళ్ళిపోతోంది. వెనకాలే ట్రైలర్. నిమ్మకాయల్ని ఒక్కటి కూడా వదలకుండా చక్కగా తొక్కుకుంటూ, నింపాదిగా, మంచి ముహూర్తం చూసుకుని బయల్దేరినట్టు!

ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తాను. ఎలాగో మెట్టెక్కి, తలుపు తీసి, లోపలికి వంగి హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగాను. ఊడి చేతికొచ్చింది! బండి ఆగలేదు. వీధిలో ఆ టైంలో ఒక్క కారు కూడా రాకపోవడం మా అదృష్టం. రోడ్డు దాటి, ఎదురింటి బాబ్ మెయిల్‌బాక్స్‌ని పడేసి, ఆయన పూలమొక్కల మీదుగా వెళ్ళి, లాన్ మధ్యలో ఆగింది. వారమంతా వానలేమో, చక్రాలు సగం దాకా దిగబడిపోయాయి. నేను ఆ మెట్టు మీదే నిలబడి ఉన్నాను, పంచెతో, చేతిలో హ్యాండ్ బ్రేకుతో.

బాబ్ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. నన్ను చూశాడు, మెయిల్‌బాక్స్‌ని చూశాడు, చక్రానికి అంటుకున్న నిమ్మతొక్క చూశాడు.

“వాట్ ఆర్ ద లెమన్స్ ఫర్?”

“ప్రొటెక్షన్,” అన్నాను.

“ఫర్ హూమ్?” అన్నాడు, పూలమొక్కల వైపు చూస్తూ.

ఆగిపోయిన బళ్ళు లాగే టో ట్రక్కువాడికి ఫోన్ చేస్తే, ఇంత బరువు బండి బురదలోంచి లాగలేను, నేల ఆరాక సోమవారం వస్తానన్నాడు. సరళ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళల్లో పేపర్ యాడ్ అక్షరాలతో సహా కనపడింది నాకు. అప్పుడొచ్చింది చూడండి నాకు పట్టుదల! తిన్నగా బాబ్ దగ్గరికెళ్ళాను.

“బాబ్, మెయిల్‌బాక్స్ రేపే పాతిస్తా, మొక్కలు నేనే నాటుతా. ఈ రాత్రికి మీ లాన్‌లో క్యాంపింగ్ చేసుకోవచ్చా?”

ఆయన లోపలికెళ్ళి మూడు మడత కుర్చీలు పట్టుకొచ్చాడు! సాయంత్రం ముగ్గురం ట్రైలర్ ముందు కూచుని పులిహోర తిన్నాం. ఎదురుగా సీనరీ ఏంటంటే, మా ఇల్లే. బాబ్ పులిహోర రెండోసారి పెట్టించుకుని, “దీన్లో కూడా లెమనేనా?” అని అడిగాడు. అంతసేపూ మొహం బిగించుకుని ఉన్న సరళ అప్పుడు నవ్వేసింది. అమ్మయ్య అనుకున్నాను.

“డ్రైవ్‌వే దాటిందా లేదా? అందులోనే పడుకుంటున్నామా లేదా?” అన్నాను.

“దాటింది. మీ అవసరం లేకుండానే దాటింది,” అంది. యాడ్ మాత్రం ఇవ్వలేదు.

సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరాను. ఖాళీ అయిన డ్రైవ్‌వేలో పెట్టుకున్న నా కారు స్టార్ట్ చేశాను, గేరు వేశాను. కదలదే! యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాను. ఊహూఁ! దిగి చూద్దును కదా, నాలుగు చక్రాలకీ ముందూ వెనకా లారీ దిమ్మలు. వంటింటి కిటికీలోంచి సరళ గొంతు వినిపించింది.

“ఉండనివ్వండి. బ్రేకుల ఇంజినీరుగారి కారు కదా, మన జాగ్రత్తలో మనం ఉండాలి!”