మా అక్కను తీసుకెళ్లిన మేనకోడలు

మా అక్కను నా ఇంట్లోంచి తీసుకెళ్లిన మనిషి చనిపోయింది. ఆ మనిషి నా మేనకోడలు. గురజాలలో కరెంటు ఆఫీసులో ఏఈగా చేసేది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దని మా ఊళ్లో నలుగురూ నాకు చెప్పారు. నేను పెట్టుకుంటాను. ఆమె బతికుండగా మొహం మీదే చెప్పిన మాట ఇది. ఇప్పుడు దాన్ని దాచిపెట్టి తీపి మాటలే రాస్తే, వినేందుకు ఉంటే ముందు ఆమే నవ్వేది.

ఆమె మొగుడు, మా అల్లుడు, ఫోన్ చేసినప్పుడు నేను కల్లంలో మిరపకాయలు తిరగేయిస్తున్నాను. "మామయ్యా, ఈమె లేవట్లేదు" అన్నాడు. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని బండి తీయబోతూ మెట్ల మీద కూర్చుందట. మంచినీళ్లు అడిగిందట. తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉందట. గుండె ఆగిపోయిందని ఆస్పత్రిలో చెప్పారట. "లేవకపోవడమేంది, ఉండు, నేనొచ్చి లేపుతా" అని అరిచాను. కూలి ఆడవాళ్లు చేతుల్లో కాయలు అట్లాగే పట్టుకుని నా వంక చూశారు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

ఆమె ఆఫీసువాళ్లు ఆమె మీద చిన్న పుస్తకం వేస్తూ నన్ను కూడా రాయమన్నారు. నెలమాసికానికి ముందే పంచుతారట. నాది మూడో తరగతి చదువు. ఒత్తులు తప్పితే దిద్దుకోండి, మాటల జోలికి మాత్రం రావద్దని చెప్పాను.

ముందు నా కోపం సంగతి. మా అక్క చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. చంకలో పిల్లతో ఉన్న ఆమెను నేనే వెళ్లి మాచవరం పక్కన మా ఊరికి తీసుకొచ్చాను. ఆ పిల్ల నా ఇంట్లో పెరిగింది. నరసరావుపేటలో ఇంజినీరింగు దాకా చదివింది. ఉద్యోగం వచ్చింది. మేమందరం సంతోషపడ్డాం. ఆ సంతోషం సర్దుకోకముందే ఒకరోజు బస్సు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మామయ్యా, అమ్మను తీసుకుపోతన్నా."

"ఎక్కడికే?"

"గురజాల. రెండు గదులు తీసుకున్నా."

"ఏం, మీ అమ్మకు ఇక్కడ తిండి తక్కువైందా?"

"తిండి తక్కువ కాలేదు. పని ఎక్కువైంది."

"ఈ ఇంట్లో పని చెయ్యనోళ్లు ఎవరే? నేను చెయ్యట్లేదా? అసలు నన్నడిగావా?"

"అమ్మనడిగా. ఊఁ అంది."

మా అక్క తలుపు వెనకాల చీరలు మూట కట్టుకుంటోంది. నా వైపు చూడలేదు. బస్సెక్కే ముందు మాత్రం వెనక్కి తిరిగి, "ఒరేయ్, గేదెకు కుడితి పెట్టలేదు, చూసుకో" అంది. బస్సు పోయింది. అన్నం పెట్టి చదువు చెప్పించిన మేనమామను ఒక్క మాట అడగకుండా చేసిన పని అది. అప్పుడు తప్పన్నాను. ఇప్పుడూ తప్పే అంటున్నాను.

అయినా ఆమెను చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. పురుగుమందులకని, విత్తనాలకని సాకు పెట్టుకుని గురజాల పోయేవాణ్ణి. వెళ్లగానే అక్క తిట్టేది, మేనకోడలు టీ పెట్టేది. ఆమె టీ పెడుతున్నంతసేపూ ఫోను మోగుతూనే ఉండేది. ఎవరి ఊళ్లో కరెంటు పోయినా ఆమెకే ఫోను. "వస్తది బాబాయ్. ఎప్పుడని అడగొద్దు. తెలియకుండా చెప్తే అబద్ధమైద్ది." ఇదే మాట అందరికీ. కొందరు ఆడదని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండి ఫోను లాక్కోబోతే చేయి అడ్డం పెట్టేది. "తిట్టనీ మామయ్యా. మోటారు ఆగితే నువ్వు నన్ను తిట్టవా ఏంది?" నిజమే, నేనూ తిట్టేవాణ్ణి. నాకైతే మేనమామనన్న హక్కుంది.

పెళ్లి కూడా ఆమె ఇష్ట ప్రకారమే చేసుకుంది. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ తీగ చుట్టే షాపు ఆ అబ్బాయిది. మా కులం కాదు. ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని మా చేను దగ్గరికి వచ్చింది. ఎండలో చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"మామయ్యా, మోటార్లు చుట్టే ఆయన్ని చేసుకుంటన్నా."

"అడగటానికొచ్చావా, చెప్పటానికొచ్చావా?"

"చెప్పటానికే. అడగాల్సిన మనిషి అమ్మ. అడిగా. నీకు ముందు చెప్పకపోతే నాకు అన్నం దిగదని వచ్చా."

నేను పార తీసుకుని నీళ్లు మళ్లించుకుంటూ పోయాను. వెనకాలే వచ్చింది. ఆ చివరి దాకా వచ్చి, "నువ్వు రాకపోతే పెళ్లి ఆగదు మామయ్యా. కాకపోతే ఫొటోలో నీ చోట ఎవరు నిలబడాల్నో తెలియక జనం ఇబ్బంది పడతారు" అంది. నవ్వొచ్చింది. పెళ్లికి వెళ్లాను. ఫొటోలో నడిమధ్యన నేనే ఉన్నాను.

ఆ మొగుడూ పెళ్లాలను చూసి గురజాల అంతా ఒకటే ఎగతాళి. "పెళ్లాం మోటార్లు కాలుస్తది, మొగుడు బాగు చేస్తాడు, మంచి వ్యాపారం" అనేవాళ్లు. అల్లుడు నొచ్చుకునేవాడు. ఆమె మాత్రం, "పెట్టుబడి నాది, లాభం ఆయనది" అని తనే ముందు అనేసేది. పొద్దున వంట అల్లుడే చేసేవాడు. మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలోంచే వెనక్కి తిరగబోయాను. మొగవాడు పప్పు తాలింపు పెట్టడం, ఆడది ఫోన్లో లైన్‌మన్‌ను అదిలించడం. అయితే ఆ పప్పు బాగుంది. రెండోసారి వేయించుకున్నాను. గాలివాన పడి స్తంభాలు కూలినప్పుడు ఆమె రోజంతా చేలల్లోనే ఉండేది. అల్లుడు షాపు మూసి క్యారేజీ కట్టుకుని ఆమె ఏ ఊళ్లో ఉందో కనుక్కుంటూ పోయేవాడు. దొరికాక ఇద్దరూ స్తంభాల మీద కూర్చుని తినేవాళ్లట. లైన్‌మన్‌లు చెబితే విన్నాను. అడిగితే ఇద్దరూ సిగ్గుపడ్డారు.

పిల్లలు పుట్టలేదు. ఎవరైనా పేరంటంలో కదిలిస్తే, "నా ఫీడర్ లైన్లున్నయ్‌గా పిన్నీ, పగలూ రాత్రీ ఏడుస్తానే ఉంటయ్" అని కొట్టిపారేసేది. కానీ ఆ మాట అన్న రోజు నేరుగా ఇంటికి పోయేది కాదని అక్క చెప్పింది. ముందు టైలరమ్మ దగ్గరికి పోయేది.

టైలరమ్మ ఆమె స్నేహితురాలు. సాయిబుల పిల్ల. పదో తరగతిలో ఒకే బెంచీ అట. ఒకరు పై చదువుకు పోయారు, ఒకరు మిషను తొక్కుతూ ఉండిపోయారు. మెయిన్ రోడ్డు సందులో చిన్న షాపు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా అమ్మాయి బండి అక్కడ ఆగాల్సిందే. ఒకసారి నేను వెళ్లేసరికి ఏఈ గారు స్టూలు మీద కూర్చుని ఎవరివో జాకెట్లకు హుక్కులు కుడుతోంది.

"ఏందే ఇది? ఆఫీసరువై ఉండి హుక్కులు కుడతన్నావా?"

"ఆఫీసులో ఒక్క పనీ పూర్తి కాదు మామయ్యా. ఇయ్యాల ఈ ఊరిది బాగు చేస్తే రేపు ఆ ఊరిది పోద్ది. హుక్కు కుడితే అయిపోయిందంటే అయిపోయినట్టే. హాయిగా ఉంటది."

"అయిపోయిందో లేదో నువ్వు చెప్పమాకే. నువ్వు కుట్టినయ్యన్నీ నేను మళ్లీ కుడతన్నా" అంది టైలరమ్మ, మిషను మీద నుంచి తలెత్తకుండానే. ఇద్దరూ పడీపడీ నవ్వారు. అంత పెద్ద నవ్వు నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె నవ్వగా వినలేదు.

అన్నీ సమంగా మోసిందని నేను అబద్ధం రాయను. నా కొడుకు పెళ్లికి తాళి కట్టిన తర్వాత వచ్చింది. ఎక్కడో తీగ తెగిందట. హెల్మెట్ చేత్తో పట్టుకుని, జుట్టంతా దుమ్ముతో, వంటవాళ్ల బంతిలో కూర్చుని తింది. నేను నలుగురిలో అరిచాను. "ఒకేసారి అందరికీ ఇవ్వలేను మామయ్యా. ఒకరి తర్వాత ఒకరికి ఇస్తా. ఎవరికీ ఎగ్గొట్టను" అంది. అన్న ప్రకారమే మర్నాడు సెలవు పెట్టి వచ్చింది. పందిరి విప్పినవాళ్లతో పాటు గుంజలు మోసింది, అంట్లు తోమింది, కొత్త కోడలికి తల దువ్వింది.

ఇంకొక్కటి చెప్పాలి. లైను మీద పని చేసేవాళ్లు ముందు సబ్‌స్టేషనుకు చెప్పి కరెంటు ఆపించుకుంటారు. దాన్ని ఎల్‌సీ అంటారు. ఎవరు తీసుకున్నారో పని అయ్యాక ఆ మనిషే తిరిగి ఇవ్వాలి. అప్పుడే కరెంటు ఇస్తారు. ఒకసారి మా చేను దగ్గర లైన్‌మన్ పని ముగించి దిగి ఎటో పోయాడు. మిరప మొక్క వాడిపోతోంది. నేను మేనకోడలికి ఫోన్ చేశాను.

"అమ్మాయ్, పనైపోయింది. కరెంటు ఇప్పించు."

"లైన్‌మన్ ఏడీ?"

"దిగి పోయాడు. నా కళ్లతో చూశా."

"నీ కళ్లు నాకొద్దు మామయ్యా. ఆయన నోరు కావాలి."

"మీ మామ మాట మీద నమ్మకం లేదంటావా?"

"నీ మాట మీద ఉంది. ఎల్‌సీ తీసుకుంది నువ్వు కాదు. ఒకరి బదులు ఇంకొకరు చెప్తే నేను వినను."

ఫోన్ పెట్టేసింది. లైన్‌మన్ పక్క చేలోంచి దోసకాయ తింటూ తాపీగా వచ్చాడు. నేను చెప్పిందే నిజం, పని ఎప్పుడో అయిపోయింది. తర్వాత కలిసినప్పుడు అదే నిలదీశాను. "నువ్వే కరెక్టు మామయ్యా" అంది. "రేపైనా ఇట్లాగే చేస్తా" అని కూడా అంది.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక షామియానా కింద కూర్చున్నాం. మా అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పిల్ల లేని ఇంట్లో అక్క ఎందుకుండాలి? అందుకే అన్నాను.

"అక్కా, బట్టలు సర్దుకో. మనింటికి పోదాం."

"అత్తయ్య ఎక్కడికీ రాదు మామయ్యా. ఇది ఆమె ఇల్లే" అన్నాడు అల్లుడు.

"కూతురు లేని అల్లుడింట్లో అత్త ఉండటమేంది? జనం ఏమనుకుంటారు?"

"జనం వంట చేసి పెడతారా మామయ్యా? నేను పెడతా."

టైలరమ్మ మధ్యలో వచ్చింది. "మీరిద్దరూ మగోళ్లు. పెద్దమ్మకు కాళ్లు పట్టేస్తే ఎవరు చూస్తారు? నాతో ఉంటది. సాయిబులింట్లో ఉంటదా అంటారేమో, మీ మేనకోడలు సగం బతుకు నా షాపులోనే ఉంది."

నేను గొంతు పెంచాను. అల్లుడూ పెంచాడు. అప్పుడు మా అక్క అరిచింది.

"ఆపండ్రా! పోయింది అదిరా, నేను కాదు. ఉప్పూ పప్పూ లాగా పంచుకుంటన్నారే నన్ను. అదైతే కూరేం వండాల్నో కూడా నన్నడిగేది. మీలో ఒక్కళ్లన్నా నోరు తెరిచి అడిగారా?"

అల్లుడు తల దించుకుని, "ఒకరి బదులు ఇంకొకరు చెప్తే వినను అనేది కదా ఈమె" అన్నాడు. ఆ తర్వాత అక్క ముందుకు వెళ్లి కూర్చుని, "అత్తయ్యా, నా దగ్గర ఉంటారా?" అని అడిగాడు. టైలరమ్మ కూడా చేయి పట్టుకుని అడిగింది. తర్వాత అందరూ నా వంక చూశారు.

నాకు అడగటం రాదు. తీసుకురావటం వచ్చు, పెట్టటం వచ్చు, అరవటం వచ్చు. చెప్పులేసుకుని బస్టాండుకు పోయాను. "నెలమాసికం దాకా నన్నొదిలెయ్యండి, ఆ రోజు చెప్తా" అని అక్క నా వెనక అంటోంది.

ఇంటికొచ్చినప్పటి నుంచి అదే ఆలోచన. నా కంటే పెద్దవాళ్లు అందరూ పోయారు. నా భార్య పోయింది. ఇప్పుడు కళ్లముందు పెరిగిన పిల్ల కూడా పోయింది. కొడుకు నాన్నా అంటాడు, కోడలు మామయ్యా అంటుంది, ఊరు పెద్దాయనా అంటుంది. నన్ను ఒరేయ్ అని పిలిచే మనిషి మా అక్క ఒక్కతే మిగిలింది. మేనకోడలు ఆమెను తీసుకెళ్లినప్పుడు నాకు పోయింది ఆ పిలుపు. దానికే ఇన్నేళ్ల కోపం.

అల్లుడా, ఈ పుస్తకం చేతికి రాగానే ఇక్కడి నుంచి మీ అత్తయ్యకు చదివి వినిపించు. ఒక్క మాట కూడా మింగొద్దు.

అక్కా, అడుగుతున్నాను. నాతో ఉంటావా? నెలమాసికం వచ్చే శుక్రవారం. పొద్దున్నే మాచవరంలో ఆటో మాట్లాడుకుని వస్తాను. భోజనాలయ్యాక మీ గుమ్మం ముందు ఆటోలోనే కూర్చుంటాను, లోపలికొచ్చి గొడవ పెట్టుకోను. శుక్రవారం పొద్దుగూకేలోపు నాకు జవాబు కావాలి. వస్తానంటే వెనక సీటంతా నీది, నేను డ్రైవరు పక్కన ఇరుక్కుంటాను. రానంటే, ఖాళీ సీటు వెంటబెట్టుకుని అంత దూరం ఎట్లా వెనక్కి పోవాలో, అది కూడా నువ్వే బయటికొచ్చి చెప్పు.